మెథోట్రెక్సేట్ సరిపోవడం లేదంటున్నారు: అమ్మకు టోఫాసిటినిబా, ఇంజెక్షనా?

మీ అమ్మగారి కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) గురించి మీరు మూడు ప్రశ్నలు అడిగారు: టోఫాసిటినిబ్ మాత్రలు మంచివేనా, బయోలాజిక్ (జీవకణాల్లో తయారుచేసే మందు) ఇంజెక్షన్ వేస్తే టీబీ వస్తుందా, అన్నీ ఆపేసి తిప్పతీగ కషాయం మీద ఉండొచ్చా అని. ముందు పొట్టిగా చెప్పేస్తాను. టోఫాసిటినిబ్ చెడ్డ మందేమీ కాదు, కానీ మీరు రాసిన వివరాలను బట్టి మీ అమ్మగారికి దాన్ని నేను ముందు వరసలో పెట్టను. బయోలాజిక్ ఇంజెక్షన్ వేస్తే టీబీ వచ్చి తీరుతుందనుకోవడం తప్పు; పరీక్షలు చెయ్యకుండా వేసేస్తే మాత్రం ఆ ప్రమాదం గట్టిదే. అన్నీ ఆపేసి తిప్పతీగ కషాయం మీద ఉండటం మూడింట్లోకీ చెడ్డ దారి. అసలు భయపడాల్సిన మందు గురించి మీరు అడగనే లేదు. ఏడాదిన్నరగా రోజూ వేసుకుంటున్న ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సంగతి చెబుతున్నాను.

చదివే మిగతావాళ్ల కోసం మీరు రాసిన వివరాలు: అమ్మగారికి 58 ఏళ్లు, ఊరు శ్రీకాకుళం వైపు. నాలుగేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, యాంటీ సీసీపీ (ఈ జబ్బుని పట్టిచ్చే రక్తపరీక్ష) బాగా ఎక్కువ. షుగరు, బీపీ ఉన్నాయి. వయసులో ఉన్నప్పటినుంచీ అడ్డపొగ (నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగే) చుట్ట అలవాటు. బరువు 56 కిలోలు. మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి 15 మి.గ్రా., రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మి.గ్రా., ప్రెడ్నిసొలోన్ 7.5 మి.గ్రా. వాడుతున్నారు. అయినా మణికట్లు, వేళ్ల మొదళ్లు వాచే ఉంటున్నాయి, పొద్దున లేవగానే గంటసేపు చేతులు బిగుసుకుపోతున్నాయి. ఒక డాక్టరు టోఫాసిటినిబ్ అన్నారు, రెండో ఆయన రిటుక్సిమాబ్ (సెలైన్‌లా ఎక్కించే బయోలాజిక్) అన్నారు, మీ మేనమామగారు అన్నీ ఆపేయమన్నారు. నేను చాలా ఏళ్లుగా రుమటాలజీ ఓపీ చూస్తున్నాను. అయినా ఆవిడ చేతులు పట్టుకుని చూడలేదు కనుక దీన్ని మీ డాక్టరుతో మాట్లాడటానికి వాడుకోండి, మందుల చీటీగా వాడొద్దు.

స్టెరాయిడ్‌తోనే మొదలుపెడతాను. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచానపడ్డ ఒకావిడకి కార్టిజోన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకీ మరో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే దాని రెండో ముఖం కూడా బయటపడింది. ఇప్పటి మాట ఏమిటంటే స్టెరాయిడ్ వంతెనలాంటిది; అసలు మందు పనిచెయ్యడానికి పట్టే రెండు మూడు నెలలు దాటించడానికే అది. దాని మీద కాపురం పెట్టకూడదు. మీ అమ్మగారికి షుగరుంది, నెలసరి ఆగిపోయిన వయసు. రోజూ 7.5 అంటే ఎముకలు గుల్లబారతాయి, షుగరు అదుపు తప్పుతుంది, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. 65 దాటిన 451 మంది మీద యూరప్‌లో జరిగిన ఒక ట్రయల్ 2022లో వచ్చింది. రోజుకి 5 మి.గ్రా. చొప్పున రెండేళ్లు ఇస్తే కీళ్లు బాగానే ఉన్నాయి గానీ, ప్రత్యేకంగా గమనించిన దుష్ఫలితాల్లో కనీసం ఒకటైనా వచ్చినవాళ్లు 60 శాతం. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అది 49 శాతం. తేడా ఎక్కువగా ఇన్ఫెక్షన్లలోనే. మీ అమ్మగారి మోతాదు అంతకన్నా ఎక్కువ.

అలాగని ఇది చదివి రేపు పొద్దున ఆపేయకండి. ఏడాదిన్నరగా బయటినుంచి వస్తుంటే ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మెల్లగా, వారాల తరబడి, డాక్టరు చెప్పిన లెక్కన దించాలి. ఈలోగా ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేయించారా? కాల్షియం, విటమిన్ డి వాడుతున్నారా? లేకపోతే ఈ వారమే అడగండి. ఇంకో మాట. నొప్పి ఎక్కువైనప్పుడు ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు దగ్గర వేయించుకునే ఇంజెక్షన్లో కూడా చాలాసార్లు స్టెరాయిడే ఉంటుంది. మీ అమ్మగారు అలా ఎన్నిసార్లు వేయించుకున్నారో మెల్లగా కనుక్కోండి. ఓపీలో మాకు చెప్పరు, తిడతామని.

ఇక రెండో మెట్టు: జబ్బు నిజంగా ఉధృతంగా ఉందా? నొప్పి ఉన్నంత మాత్రాన మందు పెంచకూడదు. అరిగిన మోకాళ్లు, నిద్రలేమి, ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా, ఇవన్నీ కీళ్లవాతం వేషం కడతాయి. వాటికి ఎంత పెద్ద బయోలాజిక్ వేసినా ఉపయోగం సున్నా. అందుకే స్కోరు కావాలి. సీడీఏఐ అని ఒకటుంది, రక్తపరీక్ష కూడా అక్కర్లేదు. 28 కీళ్లలో నొక్కితే నొప్పి ఉన్నవి ఎన్ని, వాచినవి ఎన్ని, పేషంటు పదికి ఎంత బాధ అంటున్నారు, డాక్టరు పదికి ఎంత అనుకుంటున్నారు, ఈ నాలుగూ కూడతారు. 2.8 లోపుంటే జబ్బు అణిగినట్టు, 10 లోపు తక్కువ, 22 దాకా మధ్యస్థం, ఆపైన ఉధృతం. మీ డాక్టరును 'ఇప్పుడు స్కోరెంతండీ?' అని అడగండి. గంటసేపు బిగుసుకుపోవడం, మణికట్ల వాపు చూస్తే మీ అమ్మగారిది నిజమైన ఉధృతే అనిపిస్తోంది గానీ, అంకె ఉంటే మూడు నెలల తర్వాత పోల్చుకోవచ్చు. కొత్త చికిత్స మొదలుపెట్టిన మూడు నెలలకి గణనీయంగా తగ్గాలి, ఆరు నెలలకి లక్ష్యం చేరాలి. చేరకపోతే మార్చాలి. నాలుగేళ్లైనా ఇంకా ఇలాగే నడుస్తోందంటే ఆ లెక్క ఎవరూ వెయ్యలేదన్నమాట. ఆర్ఏ ఫ్యాక్టర్ పరీక్ష మాత్రం మళ్లీ మళ్లీ చేయించకండి, డబ్బు దండగ. ఒకసారి పాజిటివ్ వచ్చాక మళ్లీ చూసి చికిత్స మార్చేదేమీ ఉండదు.

మూడోది నాకు ముఖ్యమైనది. మెథోట్రెక్సేట్ పనిచెయ్యలేదని తీర్మానించేముందు దానికి పూర్తి అవకాశం ఇచ్చామా? 15 దగ్గర ఆగిపోయారు. లివరు, కిడ్నీ, రక్తకణాలు బాగుంటే 20 నుంచి 25 దాకా వెళ్లవచ్చు. 15 దాటాక మాత్ర రూపంలో పేగు సరిగ్గా పీల్చుకోదు; పెంచినంతా ఒంటికి పట్టదు. ఆ మోతాదులకి చర్మం కింద వేసే ఇంజెక్షన్ మేలు. ఇన్సులిన్‌లాగే పొట్ట మీద వారానికొకసారి, వికారం కూడా చాలామందికి తగ్గుతుంది. బయోలాజిక్‌తో పోలిస్తే ఖర్చు ఏపాటిదీ కాదు. షుగరున్న మనిషి కాబట్టి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా పెంచకూడదు, కిడ్నీ మందగిస్తే ఇదే మందు విషమవుతుంది.

'అది క్యాన్సర్ మందట కదా' అని మీ అమ్మగారు భయపడుతున్నారని రాశారు. క్యాన్సర్‌కి వాడే మోతాదులు చాలాసార్లు వందల్లో, వేలల్లో మిల్లీగ్రాములు ఉంటాయి. ఇక్కడ వారానికి 25 మించదు. పైగా దీనికి ఒక రకంగా మన గోదావరి నీళ్ల వాసన ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేశారు. దానికి అడ్డుపడే మందులుగా అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అక్కడినుంచే వచ్చాయి. కీళ్లవాతానికి అమినోప్టెరిన్ వాడి చూసిన ఫలితాలు 1951లో వచ్చాయి, అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌కి ఈ జబ్బులో అనుమతి ఇచ్చింది మాత్రం 1988లో. ఈరోజుకీ ప్రపంచంలో ఎక్కడైనా మొదటి మందు ఇదే.

ఒక్క జాగ్రత్త మాత్రం పెద్దక్షరాలతో రాసుకోవాలి: ఇది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుని నోరంతా పుండ్లై, తెల్లకణాలు పడిపోయి ఐసీయూకి వచ్చినవాళ్లుంటారు, అందరినీ దక్కించుకోలేం. బుధవారమో ఆదివారమో, రోజు పేరు డబ్బా మీద రాయండి. చదువురాని పెద్దవాళ్లైతే ఆ ఒక్క మాత్ర ఇంట్లో వేరేవాళ్లు చేతికివ్వాలి. మర్నాడు ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. తప్పకుండా. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఎవరైనా సెప్ట్రాన్ రకం సల్ఫా మాత్ర రాస్తే, మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పాలి. ఆ రెండూ కలిస్తే ఎముక మజ్జ దెబ్బతింటుంది.

మోతాదు పెంచాక కూడా చాలకపోతే, ఖరీదైన మందుకి ముందు ఇంకో మెట్టుంది. మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మూడూ కలిపి ఇవ్వడం. 2013లో వచ్చిన ఒక అమెరికన్ ట్రయల్లో, మెథోట్రెక్సేట్ ఒక్కటే సరిపోని 353 మందిలో సగం మందికి ఈ మూడు మాత్రల కలయిక, సగం మందికి మెథోట్రెక్సేట్‌కి ఎటనర్సెప్ట్ అనే బయోలాజిక్ ఇంజెక్షన్ కలిపి ఇచ్చారు. ఆరు నెలలకి మెరుగుపడనివాళ్లని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మార్చారు. మార్చాల్సి వచ్చింది రెండు వైపులా సుమారు 27 శాతం మందినే. ఏడాది చివర ఫలితం ఇంచుమించు సమానం. సల్ఫాసలజీన్ కొంతమందికి పడదు, కడుపులో తిప్పుతుంది, దద్దుర్లు వస్తాయి; సల్ఫా అలర్జీ ఉంటే అసలు కుదరదు. మాత్రల సంఖ్య చూసి విసుక్కునేవాళ్లూ ఎక్కువే. అయినా మందుల ఖర్చు మీరే భరిస్తున్న ఇంట్లో ఈ మెట్టు దాటవేయడం నాకు నచ్చదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కిలోకి 5 మి.గ్రా. మించకూడదు, ఆవిడ బరువుకి ఇప్పుడున్న 200 సరే. కంటి డాక్టరుకి మొదట్లో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏడాదికోసారి చూపించాలి.

టోఫాసిటినిబ్ సంగతి. రోజుకి రెండు మాత్రలు, ఫ్రిజ్ అక్కర్లేదు, సూది లేదు. మన కంపెనీలు తయారుచేశాక ధర బాగా దిగింది, అందుకే ఊరూరా రాస్తున్నారు. బాగా పనిచేస్తుంది కూడా, కొందరికి రెండు వారాల్లోనే తేడా తెలుస్తుంది. చిక్కు ఎక్కడంటే, 50 దాటి గుండెజబ్బుకి దారితీసే కారణం కనీసం ఒకటున్న 4362 మందిని సుమారు నాలుగేళ్లు గమనించిన పెద్ద ట్రయల్ 2022లో అచ్చయింది. గుండెపోటు, పక్షవాతంలాంటివి టోఫాసిటినిబ్ వాడినవాళ్లలో 3.4 శాతం, టీఎన్ఎఫ్ ఇంజెక్షన్లు (ఒంట్లో మంట రేపే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే బయోలాజిక్‌లు) వాడినవాళ్లలో 2.5 శాతం. క్యాన్సర్లు 4.2, 2.9. అంటే వెయ్యిమందిలో నాలుగేళ్లకి అదనంగా తొమ్మిది మందికి గుండె సంబంధమైనవి, పదముగ్గురికి క్యాన్సర్. 35 ఏళ్ల ఆరోగ్యవంతురాలికి ఈ లెక్క దాదాపు వర్తించదు, నేనే నిశ్చింతగా రాస్తాను. కానీ అదనపు ముప్పు ఎక్కువగా కనబడింది 65 దాటినవాళ్లలో, ఎప్పుడైనా పొగతాగినవాళ్లలో. 58 ఏళ్లు, షుగరు, బీపీ, దశాబ్దాల చుట్ట: ఆ ట్రయల్‌కి మనుషుల్ని ఏరి తెమ్మంటే మీ అమ్మగారి లాంటివాళ్లనే తెచ్చేవారు. నిప్పు నోట్లోకి పెట్టుకునే అడ్డపొగ వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని ఉత్తరాంధ్రలో తెలిసిన విషయమే. కాబట్టి ఏ మందు మొదలుపెట్టేముందైనా నోరు తెరిచి టార్చి వేసి చూడమనండి. టోఫాసిటినిబ్ చెప్పిన డాక్టరు చుట్ట గురించి అడిగారా లేదా అన్నది నాకు ఆసక్తిగా ఉంది.

ఇవేవీ కుదరక చివరికి టోఫాసిటినిబ్ దగ్గరే ఆగినా అదేమీ నేరం కాదు. అప్పుడు చుట్ట మానడం, బీపీ, కొలెస్టరాల్ అదుపు ఆ చికిత్సలో భాగమవుతాయి. సర్పి రావడం దీంతో బాగా ఎక్కువ. బతికున్న క్రిమి లేకుండా, దాని ప్రోటీన్‌తో చేసిన సర్పి టీకా మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది, ఖరీదే గానీ ముందే వేయించుకోవడం మంచిది. టీబీ పరీక్ష దీనికీ కావాలి. మాత్రే కదా అని వదిలేస్తుంటారు.

టీబీ భయం అడాలిముమాబ్ లాంటి టీఎన్ఎఫ్ మందులతో మొదలైంది, అది ఊరికే పుట్టలేదు. శరీరం టీబీ క్రిమిని చుట్టుముట్టి బంధించే గోడకి టీఎన్ఎఫ్ సున్నం లాంటిది కనుక, దాన్ని తీసేస్తే లోపల ఏళ్లుగా నిద్రపోతున్న క్రిమి లేస్తుంది. మన దేశంలో చాలామంది ఒంట్లో అది నిద్రపోతూనే ఉంటుంది. అందుకే ఛాతీ ఎక్స్‌రే, మాంటూ చర్మపరీక్ష గానీ ఐజీఆర్ఏ రక్తపరీక్ష గానీ ముందు చేస్తాం. పాజిటివ్ వస్తే భయపడక్కర్లేదు. ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలో, వారానికొకసారి రెండు మందులు కలిపి 12 వారాలో ఇచ్చి, ఒక నెల గడిచాక ఇంజెక్షన్ మొదలుపెట్టవచ్చు. మీ విషయంలో ఒక మెలిక ఉంది. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకి ఈ పరీక్షలు తప్పుగా నెగెటివ్ రావచ్చు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే, పరీక్ష నెగెటివ్ అని వచ్చినా ఆ మాట డాక్టరుకి చెప్పి తీరాలి. మందు మొదలయ్యాక రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డలు ఉంటే ఆగకూడదు. ఈ రకం మందుల్లో ఎటనర్సెప్ట్‌తో టీబీ ముప్పు మిగతావాటికన్నా తక్కువ. అడాలిముమాబ్ 40 మి.గ్రా. రెండు వారాలకొకసారి. ప్రపంచంలో దాని మొదటి బయోసిమిలర్ (అసలు మందుని పోలినట్టే ఇంకో కంపెనీ చేసేది) వచ్చింది మన దేశంలోనే, 2014లో. 'లోకల్ మాల్' అని మీకెవరో చెప్పిన మాట పట్టించుకోకండి.

రిటుక్సిమాబ్ చెప్పినాయన కూడా తప్పు చెప్పలేదు. యాంటీ సీసీపీ ఎక్కువున్నవాళ్లలో అది బాగా పట్టుకుంటుంది, టీబీని లేపే గుణం దాదాపు లేదు. వెయ్యి మి.గ్రా. చొప్పున రెండు వారాల తేడాతో రెండు సెలైన్లు, మళ్లీ సుమారు ఆరు నెలలకి. 2007లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ దీని బయోసిమిలర్ తెచ్చాక మనవాళ్లకి అందుబాటులోకి వచ్చింది. విదేశీ మార్గదర్శకాల్లో సాధారణంగా ఒక టీఎన్ఎఫ్ విఫలమయ్యాకే దీని వంతు. మన దగ్గర టీబీ, ఖర్చు చూసుకుని ముందే వాడేవాళ్లున్నారు, అందులో తర్కం ఉంది. దీంతో నాకున్న పేచీ ఒక్కటే. ఇన్ఫెక్షన్ వస్తే మాత్ర ఆపినట్టు దీన్ని ఆపలేం, ఆరు నెలలు ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. అదుపులేని షుగరుతో, పక్కన 7.5 స్టెరాయిడ్‌తో ఇది పెట్టడం నాకు ఇష్టం లేదు. వెయ్యాలనుకుంటే హెపటైటిస్ బి పరీక్షలు రెండూ, అంటే ఉపరితల యాంటిజెన్, కోర్ యాంటీబాడీ, తప్పనిసరి. మొదటిది ఒక్కటే చేసి వదిలేస్తారు, పాత ఇన్ఫెక్షన్ దాగి ఉంటే రెండోదాంట్లోనే తెలుస్తుంది. న్యుమోనియా, ఫ్లూ టీకాలు ఎక్కించకముందే వేయించాలి, తర్వాత వేస్తే పట్టవు.

మీరు రాయని సంగతి ఒకటి నా నిర్ణయాన్ని మొత్తం తిప్పేయగలదు. ఆవిడకి మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు ఉన్నాయా? ఈ జబ్బు ఊపిరితిత్తుల్ని కూడా గట్టిపరుస్తుంది. చుట్ట, కట్టెల పొయ్యి వల్ల అనుకుని ఏళ్లు గడిపేస్తారు. అనుమానం ఉంటే ఊపిరితిత్తుల్ని వివరంగా చూపే హెచ్ఆర్‌సీటీ స్కాన్ తీయించాలి. అందులో తేడా కనబడితే టీఎన్ఎఫ్‌ని పక్కనపెట్టి రిటుక్సిమాబ్‌నే ముందుకు తెస్తాను.

తిప్పతీగ గురించి. మీ మేనమామగారి ప్రేమని తప్పుపట్టను. రోగనిరోధక శక్తిని పెంచుతుందనే కదా దాన్ని తాగమంటారు. ఇక్కడ జబ్బే ఆ శక్తి అదుపు తప్పి సొంత కీళ్ల మీద పడటం. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్నవాళ్ల కేసులు ప్రచురించారు, ఆయుష్ శాఖ దాంతో విభేదించింది. వాదం ఎటు తేలినా, మెథోట్రెక్సేట్ వేసుకుంటున్న లివరు మీద ఇంకో అనుమానం ఎందుకు? ఇంకా ప్రమాదం పేరులేని గుళికలతో. రెండు రోజుల్లో కీళ్లనొప్పులు మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిసిందని నేను ముందు అనుమానిస్తాను. ఇక ఏ మందూ లేకుండా ఉంటే? కీళ్ల అంచులు కొరుక్కుపోతాయి, అది మళ్లీ పూడదు. గుండెజబ్బు ముప్పు ఈ రోగులకి మామూలు లెక్కకన్నా ఒకటిన్నర రెట్లుగా చూడమని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి; మంట అణిగితేనే అది తగ్గుతుంది.

నా ముందు కూర్చుంటే నేనేం చేస్తానో చెబుతాను. రక్తం, లివర్, కిడ్నీ, హెపటైటిస్ బి, సి, ఎక్స్‌రే, ఐజీఆర్ఏ ఇప్పుడే పంపిస్తాను, ఎందుకంటే వాటి అవసరం ఎలాగూ వస్తుంది. అన్నీ బాగుంటే మెథోట్రెక్సేట్‌ని ఇంజెక్షన్‌గా మార్చి 20కి, తర్వాత 25కి పెంచుతాను, సల్ఫాసలజీన్ కలుపుతాను, మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, తర్వాత మూడు నెలలకొకసారి రక్తపరీక్ష. ఈ మూడు నెలల్లో స్టెరాయిడ్‌ని మెల్లగా దించుతాను. అప్పటికీ స్కోరు 10 దిగకపోతే ఎటనర్సెప్ట్ లేదా అడాలిముమాబ్ బయోసిమిలర్. ఇప్పటికే ఎక్స్‌రేలో వేళ్ల ఎముకలు కొరుక్కుపోయి ఉంటే మాత్రం మూడు మాత్రల మెట్టు మీద ఎక్కువ కాలం ఆగను, నేరుగా ఇంజెక్షన్‌కి వెళతాను.

జీవితాంతం వాడాలా అన్నారు. స్టెరాయిడ్ పోయి, కనీసం ఆరు నెలలు పూర్తిగా అణిగి ఉంటే మోతాదు తగ్గించి చూస్తాం. ముందు బయోలాజిక్ ఇంజెక్షన్ల మధ్య ఎడం పెంచుతాం, మెథోట్రెక్సేట్ చివర్న. నార్వేలో 2021లో వచ్చిన ట్రయల్లో, అణిగి ఉన్నవాళ్లకి మాత్రలు సగానికి తగ్గిస్తే ఏడాదిలో 25 శాతానికి జబ్బు తిరగబడింది, తగ్గించనివాళ్లలో 6 శాతానికే. తగ్గించినా నాలుగింట ముగ్గురు బాగానే ఉన్నారని కూడా చదువుకోవచ్చు.

వంకాయ, గోంగూర, చింతపండు మానిపించారని రాశారు. మానితే కీళ్లవాతం తగ్గుతుందనడానికి ఆధారం లేదు, పెట్టండి. జ్వరం 100 దాటితే, యాంటీబయాటిక్ వాడాల్సి వస్తే ఆ వారం మెథోట్రెక్సేట్, బయోలాజిక్ ఇంజెక్షన్ ఆపి డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. స్టెరాయిడ్ మాత్రం జ్వరంలో ఎట్టి పరిస్థితుల్లోనూ సొంతంగా ఆపకూడదు. పరీక్షల ఫలితాలు వచ్చాక, ముఖ్యంగా ఎక్స్‌రే, క్రియాటినిన్, ఆయాసం సంగతి, ఇక్కడే రాయండి.